తాళం లేని గూడెం

ఇచ్చోడ దగ్గరున్న మా గోండు గూడెంలో ఏ ఇంటికీ తాళం ఉండేది కాదు. నేను డిగ్రీ చదువుతున్నప్పుడు ఒక ఎండాకాలం, వరదొస్తే ఎలా బయటపడాలో నేర్పడానికి అధికారులు వచ్చారు. ఎండిన వాగులో తాళ్లు కట్టి, లైఫ్ జాకెట్లు తొడిగి చూపించారు. ఆ సామాను మళ్లీ జీపులో ఎక్కిస్తుంటే, నలుగురిలో నోరు తెరవని నేను లేచాను.

"సార్, గివి ఈడనే ఉంచుండ్రి. వానలు పడితే వాగు దాటరాదు."

"మీ ఇండ్లకు తాళమే లేదు గదమ్మా! పోతె ఎవరు జిమ్మేదార్?" అని ఒక సారు నవ్వాడు. వాగు అవతల పంచాయతీ గదిలో పెట్టి తాళం వేసుకున్నారు.

శ్రావణంలో వాగు పొంగిన రోజే వదినకు నొప్పులొచ్చాయి. అంబులెన్సు అవతలి ఒడ్డునే ఆగిపోయింది. అక్కడివాళ్లు తాళంచెవి ఉన్న మనిషి కోసం వెతుకుతుంటే, ఇవతల మేము వదినను మంచం మీద పడుకోబెట్టి గొడుగులు పట్టాం.

"ఇంకెంత సేపు పిల్లా?" అని వదిన నన్నే అడిగింది.

తాడు మా ఒడ్డుకు చేరేసరికి బిడ్డ పుట్టింది. ఏడవలేదు.

తర్వాత అన్న సంతలో తాళం కొనుక్కొచ్చి మా తలుపుకు వేశాడు. గూడెంలో దొంగలు లేరు, మా ఇంట్లో దాచుకునేదీ ఏమీ లేదు. మళ్లీ ఆ సార్లు వస్తే చూపించడానికే ఆ తాళం.