తొమ్మిదో పాటలో పిలుపు

పరుపుల దుకాణంలో మాట ఎక్కడ పుడితే అక్కడే పడుకుంటుంది. నాలుగు గోడలకూ పరుపులు నిలబెట్టి ఉంటాయి కనుక ప్రతిధ్వనికి చోటు లేదు. మధ్యాహ్నం భోజనాలకని షట్టరు సగం దించాక, దూది నూగు ఎండలో తేలుతూ ఉంటే, పరుపులు కుట్టే అతను ఫోను ఎదురుగా పెట్టుకుని పాడి రికార్డు చేసుకునేవాడు. జుట్టు నిండా ఎప్పుడూ దూదే కాబట్టి అందరూ అతన్ని దూది అనే పిలిచేవారు.

మందు మానేసి రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో తొమ్మిది ర్యాప్ పాటలు కట్టాడు. పొడవాటి సూది పరుపులో దిగి, దారం బిగిసే చప్పుడే వాటికి తాళం. ఆల్బమ్‌కు ‘ఏకిన దూది’ అని పేరు పెట్టాడు. ఏళ్ళ తరబడి ఒంటికింద నలిగి రాయిలా గట్టిపడిన దూదినైనా విప్పి ఏకితే మళ్ళీ పొంగుతుంది. అది అతని చేతులెరిగిన సంగతి.

ఎనిమిది పాటలు ఎవరడిగినా వినిపించేవాడు. తొమ్మిదోది మాత్రం ముందు అక్క వినాలి. అమ్మ పోయిన రోజు అతను తాగి బస్టాండులో బల్ల మీద పడి ఉన్నాడు. తమ్ముడికి సెలవు దొరకలేదని అక్క చుట్టాలందరికీ చెప్పి పరువు కాచింది. పాట బయటికొస్తే ఆ అబద్ధమూ బయటపడుతుంది. అక్క వద్దంటే చెరిపేద్దామనే నిశ్చయించుకున్నాడు.

బడి బస్సులో ఆయాగా పనిచేసే అక్క ఒక మధ్యాహ్నం షట్టరు కిందుగా వంగి లోపలికి వచ్చింది.

“కూర్చోవడానికి ఒక్క కుర్చీ లేదేంట్రా?”

“ఇన్ని పరుపులుంటే కుర్చీ ఎందుకక్కా?”

“వీటిమీద వాలితే మళ్ళీ లేవను. పిల్లల్ని బస్సెక్కించాలి.”

నిలబడే ఎనిమిది పాటలూ విన్నది. “నిన్ను నువ్వే ఉతికి ఆరేసుకున్నావు కదరా. ఇక జనానికేం మిగిల్చావు?” అంది.

తొమ్మిదోది మొదలైంది. ‘బల్ల మీద నేను, మంచం మీద నువ్వు, నన్ను పిలవకుండానే పోయావమ్మా’ అనే చోట ఆమె చెయ్యెత్తింది.

“ఆపు.”

చెరపమంటుందనుకున్నాడు. వేలు అప్పటికే ఫోను మీద ఉంది.

“పిలిచిందిరా,” అంది అక్క. “రెండు సార్లు. చెబితే ఆ దిగులుతో ఇంకా తాగుతావని, పిలవలేదనే నీకు చెప్పాను. చుట్టాలకో అబద్ధం, నీకొకటి.”

దూది నూగు కిందికి దిగడం మరిచిపోయినట్టు ఇద్దరి మధ్యా నిలిచింది.

“మరి పాట?” అన్నాడు.

“ఉంచు. చుట్టాలేమన్నా అంటే నా దగ్గరికి పంపు, నేను చూసుకుంటా. ఆ ఒక్క ముక్క మార్చు.”

అతను ఫోనులో రికార్డింగు నొక్కి, సూది దింపుతూ మళ్ళీ పాడాడు. ఆ చోటికి వచ్చేసరికి పాట ఆపేశాడు, సూది మాత్రం ఆపలేదు. సూది చప్పుడు ఒకటి దాటింది, రెండు దాటింది. పక్కనుంచి అక్క, అచ్చం అమ్మ పిలిచినట్టే, మెల్లగా అంది.

“చిన్నోడా.”

తాళం తప్పిన ఆ పిలుపును అతను చెరపలేదు. పాట చివర దూరంగా మోగిన బస్సు హారను, “షట్టరెత్తరా, పిల్లలొచ్చేస్తారు” అన్న ఆమె మాట కూడా అలాగే ఉండిపోయాయి.