సర్వర్ గదిలో మైల

ఏడేళ్లుగా ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నను మోస్తున్నాను. జవాబు ఆ రోజే తెలుసు. చెప్పలేదు. నా పేరు మీకూ చెప్పను. ఏ సభలోనో నా ఉపన్యాసం విని చప్పట్లు కొట్టి ఉంటే మాత్రం, వాటిని వెనక్కి తీసుకోండి.

అప్పుడు నాచారంలో మందులకు అట్టపెట్టెలు చేసే ఒక కంపెనీలో డేటాబేస్ సర్వర్ బాధ్యత నాది. ఆర్డర్లు, సరుకు, లారీలు, అన్నీ అందులోనే. దాని పాస్‌వర్డ్ మా యజమాని ఇష్టదైవం పేరు. సర్వర్ నెత్తిన కుంకుమ బొట్టు, పక్కన ఎండిన నిమ్మకాయ. ఆ పేరు రోజూ టైపు చేయడం నా హేతువాదానికి అవమానంగా ఉండేది. ఒక శనివారం సాయంత్రం మార్చేశాను. ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాసుకోలేదు. అందరూ వాడే ప్రోగ్రాము సర్వర్‌ను తెరిచేది ఆ పాస్‌వర్డ్‌తోనే; అందులో కూడా మార్చాలి, సోమవారం చూద్దాంలే అనుకున్నాను. ఆదివారం ఉప్పల్‌లో హేతువాదుల సభ. అంటుముట్టు మీద గంటసేపు దంచాను. ఆ మత్తులో కొత్త పాస్‌వర్డ్ పూర్తిగా మర్చిపోయాను.

సోమవారం సర్వర్ ఎవరినీ లోపలికి రానివ్వలేదు. లారీలు గేటు దగ్గరే ఆగాయి. తోచినవన్నీ కొట్టి చూశాను. మళ్లీ లోపలికి వెళ్లే దారి నాకు తెలుసు: సర్వీసు ఆపాలి, పాస్‌వర్డ్ అడగకుండా లేపాలి, కొత్తది పెట్టి మామూలుగా నడపాలి. పావుగంట పని. మరి ఎందుకు చేయలేదు? చేస్తే, అసలు సర్వర్ ఎందుకు ఆగిందని యజమాని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు జంకాను.

నన్ను కాపాడింది ఆయన మూఢత్వమే. మేడిపల్లి నుంచి వచ్చే స్వరూప అనే కంప్యూటర్ ఆపరేటర్ ఉండేది. తండ్రి పోయి ఎనిమిది రోజులు. సెలవు అయిపోయి ఆ పొద్దునే డ్యూటీకి వచ్చింది. సర్వర్ గదిలోకి వెళ్లి ఏసీ వేసింది. అంతే.

"పదకొండో రోజన్నా కాకుండా, మైలతో ఆ గదిలోకి ఎందుకెళ్లావమ్మా?" అన్నాడు యజమాని. పంతులుకు ఫోన్ చేశాడు.

విదేశీ యంత్రాలు కొన్న మనిషి. తండ్రిని పోగొట్టుకున్న పిల్ల గాలి సోకి ఇనుపపెట్టె అలిగిందని నమ్మాడు. ఆ బుర్రను ఏమనాలి? అది అబద్ధమని తెలిసీ నోరు మూసుకున్న బుర్రను ఏమనాలి?

స్వరూప నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, మీరు గివన్నీ నమ్మరు గదా. సారుకు జర ఒక్క మాట చెప్పున్రి."

"ముందు సర్వర్ సంగతి చూడనీ. తర్వాత మాట్లాడుదం."

"సచ్చినంక గూడ మా నాయిన మీ సర్వర్‌కు అడ్డమొచ్చిండా అన్నా?"

నేను తెర వైపు తిరిగాను.

మధ్యాహ్నం పంతులు సర్వర్ గది గుమ్మంలో గుమ్మడికాయ కొట్టి, లోపల మంత్రాలు చదువుతుంటే, ఆయన పక్కనే కూర్చుని ఆ పావుగంట పని చేశాను. హారతి అయ్యేసరికి సర్వర్ తెరుచుకుంది. యజమాని చెంపలు వేసుకున్నాడు. "నువ్వు నమ్మవు గానీ, చూశావా?" అన్నాడు నాతో. నవ్వాను. ప్రసాదం కూడా తిన్నాను. సాయంత్రం స్వరూపను రేపటి నుంచి రావద్దన్నారు. ఆమె అడుగుపెడితే యంత్రాలు ఆగుతాయన్న మాట చుట్టుపక్కలంతా పాకింది. ఇంకో రెండు కంపెనీలు గేటు దగ్గరి నుంచే పంపేశాయని తర్వాత విన్నాను.

కొత్త పాస్‌వర్డ్ ఏం పెట్టానో తెలుసా? పాతదే. ఆ దైవం పేరే. ఏదీ మారలేదని కనిపించాలి కదా. తర్వాత నాలుగేళ్లు రోజూ అదే కొట్టాను. ఒక్కసారీ మర్చిపోలేదు.

ఇంకా నీచమైనది చెప్పాలి. ఈ సంఘటననే ఒక వ్యాసంలో ఉదాహరణగా వాడుకున్నాను. అందులో యజమాని మూఢుడు, పంతులు మోసగాడు, అమ్మాయి అభాగ్యురాలు. పాస్‌వర్డ్ మార్చినవాడు లేడు. చాలామంది మెచ్చుకున్నారు. మెచ్చుకోలును దాచుకున్నాను.

నన్ను క్షమించకండి, ఆ హక్కు మీది కాదు. స్వరూప ఇప్పుడు ఎక్కడుందో నేను వెతకలేదు, అదీ పిరికితనమే. ఆమె ప్రశ్నకు జవాబు ఒక్కసారైనా కాగితం మీద పెట్టాలి, అంతవరకే నా శక్తి.

స్వరూపా, మీ నాయిన అడ్డం రాలేదు. పాస్‌వర్డ్ మార్చింది నేను.

రాశాను. ఇన్నేళ్లూ చెప్పలేకపోయింది ఇంతే.