సగం ముగ్గు

పోయిన నెల ఒక తెల్లవారుజామున భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. పెద్దకూతురి ఇంట్లో ఉంటున్న మా ఆడబిడ్డ, అంటే మా ఇంటాయన అక్క, పడుకున్న మనిషి పడుకున్నట్టే పోయిందని చెప్పారు. ముందురోజు సాయంత్రమే నాతో మాట్లాడి, మందులు మింగినవా అని అడిగింది.

పెద్దకర్మ నాడు ఆమె కూతుళ్లిద్దరూ నన్ను పక్కకు పిలిచారు. "అత్తా, మా అమ్మ మాతోటి ఎన్నడు మెత్తగ మాట్లాడలె. నీ దగ్గర ఉన్నన్ని దినాలు ఎట్లుంటుండె?" అని అడిగారు. ఇంటినిండా చుట్టాలు ఉంటే, రాసి పంపుతానని చెప్పి వచ్చాను. బడి మానేశాక సరుకుల చీటీ తప్ప ఇంకేమీ రాయని నేను ఇప్పుడు కలం పట్టింది అందుకే.

ఆమె మెట్టినిల్లు బచ్చన్నపేట దగ్గర ఒక ఊరు. భర్త పోయాక పత్తి సేద్యమంతా తానే చూసుకుంది. మేము మహబూబాబాద్‌లో ఉంటాము. వదినా మరదళ్లం కాబట్టి వెటకారం లేకుండా ఆమె నన్ను పలకరించేది కాదు.

నాకు కండరాలు వాచే జబ్బు ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు మందులతో తగ్గి కొన్నేళ్లు బాగానే తిరిగాను. నిరుడు వానాకాలం మొదట్లో అది తిరగబెట్టింది. తొడలను, భుజాలను ఎవరో లోపలి నుంచి పిండుతున్నట్టు ఉండేది. పీట మీద కూర్చుంటే లేవలేను. పై అరలో గిన్నె అందుకోలేను. హనుమకొండలో డాక్టరమ్మ మాత్రలు పెంచింది. నొప్పి కొన్నాళ్లు ఉంటుందని, అలాగని మంచానికే అంటుకోవద్దని, అలసిపోయేదాకా పనీ చేయొద్దని చెప్పింది. ఆ రెండింటి మధ్య ఎట్లా ఉండాలో నాకు తెలియలేదు. నొప్పి కాస్త తగ్గిన పూట ఇల్లంతా కడిగేదాన్ని. ఆ తర్వాత మంచం దిగలేకపోయేదాన్ని. అప్పట్లో రోజూ దీపం ముందు ఒకటే మొక్కుకునేదాన్ని. స్వామీ, చాలు, నన్ను తీసుకుపో.

అట్లా మంచం మీద ఉన్నప్పుడే ఎవరూ పిలవకుండా వదిన సంచితో దిగింది.

"ఏం పిల్లా, మొఖం గుమ్మడికాయ లెక్కయింది. మా తమ్ముడు మంచిగ మేపుతున్నడా?"

"మాత్రలతోటి ఉబ్బింది వదినా."

"ఉబ్బనీ. ఇన్నేండ్లకు మీ ఇంట్ల ఒక నిండు మొఖం సూస్తున్న."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే భుజాలు నొచ్చాయి.

కొన్నాళ్లు నన్ను గమనించింది. ఒక పొద్దున నేను వాకిట్లో చిన్న స్టూలు వేసుకుని ముగ్గు పెడుతుంటే, వచ్చి చేతిలో గిన్నె లాక్కుంది.

"సగమే అయింది వదినా."

"సగం సాలు. లే."

"వాకిట్ల సగం ముగ్గు మంచిది కాదు."

"నువ్వు గుత్తకు పట్టినోళ్ల లెక్క చేస్తున్నవు. చేను మొత్తం మాట్లాడుకున్నోళ్లు అది ఒడిసేదాక నడుము ఎత్తరు. తెల్లారి ఒక్కరు లేవరు. దినం కూలికొచ్చినోళ్లు పొద్దుగూకంగనె ఇంటికి పోతరు, చేను మిగిలినా సరే. తెల్లారి మల్ల వస్తరు. నీ రోగానికి గుత్త పనికిరాదు. కూలికే పోవాలె."

అప్పటి నుంచి మా ఇంట్లో పనులన్నీ సగంలో ఆగేవి. నొప్పి ఎక్కకముందే ఆపించేది. సగం బియ్యం ఏరి చాట పక్కన పెట్టాలి. సగం గిన్నెలు తోమి లేవాలి. మధ్యలో భుజాలకు వేడినీళ్ల కాపడం, డాక్టరమ్మ చూపించిన చిన్న కసరత్తు. పని మిగిలిపోతే నాకు ప్రాణం కొట్టుకునేది. నొప్పి పోయిందని చెప్పను. కానీ ఇవాళ ఉన్నంతే రేపూ ఉండేది. దానితో ఇల్లు నడుపుకోగలిగాను.

పక్కింటామె ఊరుకోలేదు. "ఏందక్కా, మీ వాకిట్ల ముగ్గు సగమే ఉన్నది?"

"మిగిలింది మాపటికి. దేవుడొచ్చి అడిగితె నా పేరు చెప్పు" అంది మా వదిన.

శనివారాలు నాకు ఒక్కపొద్దు. మాత్రలేమో ఖాళీ కడుపున మింగకూడదు. తినడానికి నాకు మనసొప్పేది కాదు.

"నువ్వు తిను. నీ ఒక్కపొద్దు నేనుంట" అంది.

"నీకు దేవుని మీద నమ్మకమే లేదంటివి కద వదినా."

"నమ్మకం నీది, కడుపు నాది. ఇద్దరం కల్సి ఒక్కపొద్దు."

ప్రతి శనివారం మధ్యాహ్నం దాటేసరికి దేవుడి పటం వైపు చూసి గొణుక్కునేది. ఆకలికి నిలవలేని మనిషి. అయినా మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఒక్క వారం తప్పలేదు.

ఒక సాయంత్రం దీపం పెట్టి, ఎప్పటిలాగే మొక్కుకున్నాను. మనసులో అనుకున్నాననుకున్న మాట పైకే వచ్చినట్టుంది. వెనక ఆమె నిలబడి ఉంది.

"ఏం అడుగుతున్నవే?"

తిడుతుందనుకున్నాను. ఆమె గోడకు చేరగిలబడి నా పక్కనే కూర్చుంది.

"మా ఆయన పోయిన యేడు నేను గూడ గిదే అడిగిన. ఇయ్యలె. పత్తి ఏరుడుండె, చేనుకు పోయిన."

దీపం వత్తిని కాస్త ముందుకు జరిపి మళ్లీ అంది. "నొస్తున్నదని చెప్పు ఆయనకు. ఎంత నొస్తున్నదో అంత చెప్పు. గని తీస్కపొమ్మని అడగకు. అది గూడ గుత్తనే పిల్లా, అంతా ఒక్కసారె ఒడగొట్టుకునుడు. గీ దినం దాటియ్యమని అడుగు. రేపటిది రేపు."

ఆ తర్వాత మరెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేను ఈ రోజు వరకూ అట్లాగే మొక్కుతున్నాను. ఆమె పోయిన రోజు మాత్రం ఆ ఒక్క దినం దాటడం చాలా కష్టమైంది.

చలికాలానికి వాపు తగ్గింది, మాత్రలు తగ్గించారు. గోడ పట్టుకుని పీట మీంచి లేచాను. అది చూసి, "ఇగ నాకు పనిలేదు ఈడ" అని సంచి సర్దుకుంది.

జనగామ వైపు వెళ్లే రైలెక్కించడానికి స్టేషన్‌కు వెళ్లాము. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను.

"నిలబడకు. ఇగ ఇంటికి పో."

"బండి కదలనీ వదినా."

"బండి కదిలేటిది నేను శానసార్లు సూసిన. నువ్వు నడిచేటిది సూడాలె. పో."

సాగనంపడానికి వచ్చిన నేనే ముందుగా వెనుదిరిగాను. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెల్లగా నడిచాను. వెనక బండి కదిలిన చప్పుడైంది. గేటు దగ్గర ఆగి చూస్తే, కిటికీ ఊచలకు ముఖం ఆనించి, దూరమవుతూ కూడా నా కాళ్ల వైపే చూస్తూ ఉంది. బతికుండగా ఆమెను చూడటం అదే ఆఖరు.

బిడ్డలారా, మీరు అడిగారు కాబట్టి రాశాను. ఈ కాగితాలు దాచుకోండి, ఎవరికీ చూపించకండి. దీపం ముందు నేనన్న మాట మీ మామకు ఇప్పటికీ తెలియదు. మీ అమ్మ తెలియనివ్వలేదు.