నీళ్ళలో ఊదితే పాలయ్యాయట!

ఆ కాలంలో సైన్సు చదివినవాడంటే మా కార్వాన్ బస్తీలో కొంచెం భయమూ, దాన్ని మించిన అనుమానమూ ఉండేవి. డాక్టరు చదివితే సూది వేస్తాడు, వకీలు చదివితే కచేరీకి పోతాడు, మరి వీడేం చేస్తాడు? మా ఇంట్లో ఈ ప్రశ్న రోజూ లేచేది. తాతల నాటి నుంచి బర్రెలను మేపి, పాలు పోసి బతికిన ఇల్లు మాది. అందులో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాణ్ణి నేను. ఎక్కడమే కాదు, చదువు ముగించి అక్కడి రసాయనశాలలోనే పిల్లలకు ప్రయోగాలు చేసి చూపించే కొలువులో చేరాను. (కొత్త కొలువు, కొత్త కోటు. కాలు నేల మీద ఆనేది కాదు.) బాపు మాత్రం ఎవరడిగినా "మావోడు సీసలల్ల నీళ్లు పోస్తడు" అని చెప్పేవాడు, అదేదో జమీందారీ అయినట్టు.

బాపుకున్న ఆస్తి అల్లా ఆయన పేరే. పాలలో చుక్క నీళ్ళు కలపడని పేరు. బేగంబజార్‌లో ఒక వ్యాపారి ఇంటి పెద్దమ్మ మా పాలు తప్ప ఇంకెవరి పాలూ పొయ్యి మీద పెట్టనిచ్చేది కాదు. ఆవిడ పోయించుకుంటోందని ఆ గల్లీ అంతా పోయించుకునేది. మా ఇల్లు ఆ గల్లీ మీదే నడిచేది.

దీపావళి మరునాడు మావాళ్ళంతా బర్రెలకు కొమ్ములు మెరిపించి, మెడలో గవ్వలు కట్టి ఊరేగిస్తారు. చుట్టాలంతా మా వాకిట్లో చేరిన ఆ పూట మేనమామ నన్ను పట్టుకున్నాడు. "అల్లుడా, గంత సదివితివి, గా కాలేజిల నువ్వు జేసేదేంది? జర మాకు గూడ సూపియ్యి." ఆ మాట కోసమే కాచుకుని ఉన్నవాణ్ణి కాబట్టి, లోపలికి వెళ్ళి, కాలేజీ నుంచి తెచ్చిపెట్టుకున్న బేరియం హైడ్రాక్సైడు సీసా తెచ్చాను. తెల్లటి పలుకులు అవి. నీళ్ళలో కరిగితే నీళ్ళంత తేటగానే ఉంటాయి. గాలి తగిలితే పైన తెల్లటి పొర కడుతుంది, అందుకని బిరడా గట్టిగా బిగించాలి. మనం విడిచే ఊపిరిలోని బొగ్గుపులుసు గాలి సోకిందా, సున్నపుతేట కన్నా చురుగ్గా తెల్లబడుతుంది. ఇదంతా వివరించాలని ఉంది కానీ నా చదువంతా ఉర్దూలో సాగింది, మేనమామకు అర్థమయ్యే తెలుగు ముక్క ఒక్కటీ నోటికి రాలేదు. అందుకని పలుకుల్ని గ్లాసు నీళ్ళలో కరిగించి, గాజుగొట్టం పెట్టి ఊదాను. గ్లాసు తెల్లగా అయిపోయింది.

"అరె బాప్ రే! నీళ్లను పాలు జేసిండ్రా మావోడు!" అని మేనమామ కేక పెట్టాడు. అవి పాలు కావని అక్కడికక్కడే చెప్పవలసినవాణ్ణి, కాలరు సర్దుకుంటూ నిలబడ్డాను. తీరా ఎవరో గ్లాసు నోటిదాకా తీసుకోబోతే అప్పుడు అరిచాను, "తాగొద్దు, సస్తరు! విషం అది!" అని. ఇక చూడండి. ఊరేగింపుతో పాటు ఆ రెండు మాటలూ ఊరంతా తిరిగాయి. నది మీది పురానాపూల్ దాటేసరికి అవి కలిసి ఒకే మాటయ్యాయి: పాలాయన కొడుకు నీళ్ళలో ఊది పాలు చేస్తాడట, తాగితే చస్తారట.

మరునాడు బాపు నిండు బిందెలతో తిరిగొచ్చాడు. తలుపులు తీసినవాళ్ళే లేరట. పైగా బజారులో హమాలీలు "క్యా భాయ్, ఆజ్ కిత్నా ఫూంకే?" (ఇవాళ ఎంత ఊదారు) అని నవ్వారట. అమ్మ ఆ పాలు తోడు పెట్టింది, కోవా చేసింది, వీధిలో పిల్లలకు పోసింది. నాలుగు రోజులయ్యాక బాపు దాణా గంప ముందు కూర్చుని, "గిట్లనే నడిస్తె రెండు బర్లను అమ్ముడే" అన్నాడు. బాపు నోట అమ్ముడు అన్న మాట నేనెన్నడూ వినలేదు.

సైన్సు చేసిన చెడు సైన్సే దిద్దాలని కంకణం కట్టుకుని పెద్దమ్మ ఇంటికి బయల్దేరాను. గడప ముందు రెండు గ్లాసులు పెట్టాను, ఒకదాంట్లో మా పాలు, ఒకదాంట్లో నేను ఊదిన నీళ్ళు. "పెద్దమ్మా, రెంట్లో పసుపు ఏస్త. అసలువి పచ్చగనే ఉంటయి. నకిలీవి ఎర్రగైతయి. మీరే సూడుండ్రి." గల్లీ అంతా పోగైంది. పసుపు వేశాను. ఊదిన నీళ్ళలో ఇంకా మిగిలిన క్షారానికి పసుపు ఎర్రబడక ఏం చేస్తుంది? నేను చెప్పినట్టే అచ్చంగా ఎర్రబడింది. నేను విజయగర్వంతో తలెత్తేసరికి ఎదురుగా ఒక్క మనిషి లేడు. తలుపుల దగ్గర తల్లులు పిల్లల్ని రెక్క పట్టి లోపలికి లాగేస్తున్నారు. పసుపులో సున్నం కలిపిన ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తారు, ఆ నీళ్ళు ఎవరి గడపలో పడితే వారికి కీడు. పుట్టినప్పటి నుంచి అమ్మ నాకు తీస్తూనే ఉంది, అయినా నాకు తట్టలేదు. తలుపు సందులోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది: "ఓరి నీ పాడుగాను! పొద్దుగాల పొద్దుగాల ఎవ్వరి దిష్టినీళ్లు తెచ్చి మా గడపల పెడ్తివిరా? తీయ్! ముందు ఆడ్నుంచి తీయ్!"

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. తెల్లారి బాపు గంగ అనే మా పెద్ద బర్రెను విప్పి, "నువ్వు దూడను పట్టుకొని ఎన్క నడువు" అన్నాడు. కోటు వేసుకున్న నేను దూడ తాడు పట్టుకుని బేగంబజార్ దారిలోని చిన్న వంతెన దాటాను. దారిలో నా శిష్యులిద్దరు ఎదురై సలాం చేశారు. దూడను పట్టుకున్న చేత్తోనే తిరుగు సలాం చేశాను. పెద్దమ్మ గుమ్మం ముందు బర్రెను నిలిపి బాపు పిలిచాడు. ఆవిడ తలుపు ఓరగా తీసింది. బాపు చెంబును బోర్లించి, లోపల చుక్క నీళ్ళు లేవని చూపించి, ఆవిడ ఎదుటే పాలు పితికాడు. ఊళ్ళో నీళ్ళు కలిపేవాళ్ళ చేత జనం చేయించే పని అది. ఆయన తన జన్మలో చేసి ఎరగడు. చూడలేక నేను దూడ మెడ నిమురుతూ ఉండిపోయాను.

అలా గడప గడపకూ చెంబు బోర్లించాడు. కొన్నాళ్ళకు పెద్దమ్మే, "ఇగ సాలు భాయ్, బర్రెను తిప్పకు, సూస్తె పానం గుంజుతుంది. రేపటి సంది బిందెలనే తే" అంది. ఆ రోజు తిరిగొస్తూ వంతెన మీద ఉండబట్టలేక అన్నాను, "బాపు, నన్ను ఒక్కపాలి తిట్టరాదే."

"ఎందుకు తిట్టాలె?" అన్నాడు బాపు, వెనక్కి తిరగకుండానే. "సదివిన కొడుకు నలుగుట్ల నిలబడి ఏదో సూపిచ్చిండు. గది సూసి నేను మస్తు మురిసిన. మరి మురిసినందుకు నన్నెవరు తిట్టాలె?"

నాకు ఏడుపు ఆగలేదు. బర్రె తోక వెనక, కోటు చేతులతో కళ్ళు తుడుచుకుంటూ ఇంటిదాకా నడిచాను. తర్వాత ఎన్నో ఏళ్ళు, ఎందరు పిల్లలకో ఆ ప్రయోగం చేసి చూపించాను. గ్లాసు తెల్లబడగానే వాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. నాకు మాత్రం ఆ వంతెన మీద కోటు వేసుకుని ఏడుస్తూ పోతున్న కుర్రాడు కనిపించేవాడు. పాపం, వాణ్ణి చూస్తే నవ్వొచ్చేది.