క్లెమ్ పెంగిల్లీ గురువారాలు

క్లెమ్ పెంగిల్లీకి మనుషుల్ని పలకరించడం రాదు. అందరూ "బాగున్నావా?" అనే చోట అతను "కాపీ తీశావా?" అంటాడు. పెళ్ళిలో కనబడినా అదే మాట, చావింట్లో కనబడినా అదే మాట. మా పోర్ట్ టారెల్లో ఉండేది మూడొందల మంది. ఒకవైపు సముద్రం, మిగతా మూడు వైపులా గోధుమ చేలు. ఇంత చిన్న ఊళ్ళో అతన్ని తప్పించుకుని తిరగడం ఎవరి వల్లా కాదు.

ఒకసారి చర్చిలో అంత్యక్రియల ప్రార్థన అయింది. ఫాదర్ ఎంత బాగా మాట్లాడాడంటే మేమంతా కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాం. క్లెమ్ నేరుగా వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళకి మనిషిలా ఒక మంచిమాట అనబోతున్నాడని నేను ఆశపడ్డాను.

"ప్రసంగం బ్రహ్మాండంగా ఉంది ఫాదర్. చేత్తో రాశారా, టైపు చేశారా?"

"టైపు చేశాను క్లెమ్."

"కాపీ తీశారా?"

"లేదయ్యా."

చనిపోయినాయన కోసం రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి క్లెమ్ కళ్ళలో.

మా ఊరి బారు నడిపే గస్ అతన్ని ఆటపట్టించకుండా ఒక్క శనివారమూ వదలడు. "ఇదిగో నీ బీరు. దీనికీ కాపీ కావాలా?"

"కావాలి. కానీ ఆ రెండోది అవతల బల్లమీద పెట్టు."

"అదేం?"

"రెండూ ఒక్కచోటే ఉంటే ఎవడి మోచెయ్యో తగిలి రెండూ ఒలికిపోతాయి. అది కాపీ అనిపించుకోదు."

బారంతా గొల్లున నవ్వింది. క్లెమ్ నవ్వలేదు. అవతలి బల్ల దగ్గరికి వెళ్ళి, ఒలికిపోని రెండో బీరు ఒక్కడే కూర్చుని తాగాడు.

డెబ్భై నాలుగేళ్ళ మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ముప్ఫై ఏళ్ళు ఈ తీరం పొడుగునా టెలిఫోను స్తంభాలెక్కి తీగలు సరిచేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత ఈ కంప్యూటర్ల పిచ్చి పట్టుకుంది. ప్రతి గురువారం పాత పికప్ బండేసుకుని పదకొండు చోట్లకి వెళతాడు. పొద్దున్నే బయలుదేరితే చీకటిపడ్డాకే ఇల్లు చేరేది, అప్పటికీ మిగిలినవి శుక్రవారం. ఒక్కొక్కరికీ ఒక్కో చిన్న హార్డ్ డిస్కు. దెబ్బలు తగలకుండా ఒక్కోదానికీ ఒక్కో ఉన్ని మేజోడు, అతను స్వయంగా అల్లినవే. వస్తాడు, డిస్కు తగిలిస్తాడు, కంప్యూటర్లో ఉన్నదంతా కాపీ తీస్తాడు, తీగ పీకేసి మేజోడులో దోపి పట్టుకుపోతాడు. "తగిలించి ఉంచిన కాపీ కాపీ కాదు" అనేది అతని సూత్రం.

ఇంతవరకూ బాగానే ఉంది. కష్టమల్లా ఆ కాపీ అయ్యేదాకా కూర్చుంటాడు. రెండు గంటలు! టీ అడుగుతాడు. బిస్కెట్ అడుగుతాడు. నీ మోకాలి నొప్పి ఎలా ఉందంటాడు. జవాబు పూర్తిగా వింటాడు, అదింకా కష్టం.

ఆ పదకొండు చోట్లలో నాదీ ఒకటి. మా ఊరి పోస్టాఫీసూ లైబ్రరీ ఒకే గదిలో ఉంటాయి, రెండింటికీ నేనే దిక్కు. ఆ గది వెనకే నా కాపురం, మా ఆయన ఆర్థర్ పోయినప్పట్నించీ ఒంటరి కాపురం. ఇరవై రెండేళ్ళుగా నేను ఊళ్ళో పెద్దవాళ్ళ చేత మాట్లాడించి రికార్డు చేస్తున్నాను. నూట నలభై గొంతులు. అందులో సగం మంది ఇప్పుడు లేరు. సముద్రంలోకి కట్టిన జెట్టీ మీంచి గాలమేసి స్క్విడ్ పట్టడం ఎలాగో తొమ్మిది నిమిషాలపాటు చెప్పే గొంతు మా ఆర్థర్‌ది. ఆదివారం మధ్యాహ్నాలు ఊరు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది, అప్పుడు అది పెట్టుకుంటాను. స్క్విడ్ పట్టడం నాకు ఈపాటికి బాగా వచ్చు.

ఒక గురువారం ఉత్తరాలు కుప్పగా వచ్చిపడ్డాయి. ఒకవైపు క్యూ, ఇంకోవైపు క్లెమ్ నా కుర్చీలో కూర్చుని మూడో టీ తాగుతూ నా నడుంనొప్పి గురించి ఆరా తీస్తున్నాడు. నాకు చిర్రెత్తింది.

"పెద్దాయనా, ఇక నువ్వు రానక్కర్లేదు. పెద్ద డిస్కు ఒకటి తెప్పించాను. ఎప్పుడూ తగిలించే ఉంటుంది. గంట గంటకీ దానంతటదే కాపీ తీసుకుంటుంది. టీ కూడా అడగదు."

"తగిలించే ఉంటుందా?" అన్నాడు, గుండెజబ్బు సంగతి విన్నట్టు.

"ఉంటుంది."

"మరి గురువారాలు..."

"ఇంకెవరింటికైనా వెళ్ళు."

నాది ఆకుపచ్చ మేజోడు. డిస్కుతో సహా దాన్ని జేబులో పెట్టుకుని, కప్పులో టీ సగం వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నాలుగు వారాలు వీధిలో కనబడితే టోపీ ఎత్తాడే తప్ప కాపీ మాట అడగలేదు. నాకు హాయిగా ఉండాలి. ఎందుకో ఉండలేదు.

నాలుగో వారం తర్వాతి సోమవారం పొద్దున నాకో ఈమెయిల్ వచ్చింది. "మీ పార్సెల్ నిలిచిపోయింది, వివరాలకి ఈ కాగితం తెరవండి" అని. ముప్ఫై ఏళ్ళుగా ఊరందరి పార్సెళ్ళూ పంచిన దాన్ని, నా పార్సెల్ ఎక్కడ నిలిచిపోయిందా అని ఆత్రంగా తెరిచాను.

ఓ పావుగంట ఏమీ కాలేదు. తర్వాత ఒక్కొక్క ఫైలు పేరే అర్థంలేని అక్షరాలుగా, అంకెలుగా మారిపోయింది. తెరంతా ఎర్రబడింది. "మీ ఫైళ్ళన్నిటికీ మేం తాళం వేశాం. మూడు రోజుల్లో డబ్బు పంపితే తాళంచెవి ఇస్తాం. మీ సహకారానికి ధన్యవాదాలు" అని ఉంది. మా మునిసిపాలిటీ నోటీసుల కన్నా మర్యాదగా రాశారు వెధవలు. కొత్త డిస్కు తెరిచి చూశాను. తగిలించే ఉంది కదా, దానికీ తాళం వేసేశారు. ఆర్థర్ పేరున్న చోట ఎనిమిది అంకెలూ ఒక చుక్కా ఉన్నాయి.

వెంటనే ఫోను చేశాను. "క్లెమ్, నేను వెర్నాని."

"కాపీ..." అనబోయి ఆగిపోయాడు. నా ఊపిరి వినే గ్రహించాడనుకుంటాను. "మిషను ఆపావా?"

"ఆపేస్తున్నా."

"ఆపకు! గోడలోంచి ఇంటర్నెట్ తీగ పీకు. ఆ డిస్కు తీగ కూడా పీకు. ఇంకేదీ ముట్టుకోకు. టీ కెటిల్ తప్ప."

ఏడు నిమిషాల్లో వచ్చాడు, చొక్కా తిరగేసి తొడుక్కుని. తెరని ఫొటో తీశాడు. కొత్త డిస్కు వైపు చూశాడు. "నేను చెప్పలేదా" అనే మాట పెదాల దాకా రావడం నాకు కనబడింది. దాన్ని బిస్కెట్‌తో పాటు నమిలి మింగేశాడు.

"డబ్బు పంపేద్దామా క్లెమ్?"

"ఎవడికి? దొంగకా? తాళంచెవి ఇస్తాడని ఎవరు పూచీ? ఒకవేళ ఇచ్చాడే అనుకో, వెర్నా అడగ్గానే ఇస్తుందని రాసిపెట్టుకుని, వచ్చే నెల మళ్ళీ నీ తలుపే తడతాడు."

"మరి మా ఆర్థరు?"

"ఉండమ్మాయ్. ఒక్కోటీ చేసుకుంటూ వెళదాం."

ముందు పోలీసులకి ఫోను చేసి అంతా చెప్పాడు. ఇంటికెళ్ళి తన కంప్యూటర్లో వెతికాడు. కొన్ని రకాల తాళాలకి మంచివాళ్ళెవరో తాళంచెవులు చేసి ఉచితంగా పెడతారట. మా తాళానికి ఇంకా ఎవరూ చెయ్యలేదు. "ఏనాటికైనా చేస్తారు" అంటూ నా కొత్త డిస్కుని కవర్లో పెట్టి తేదీ రాసి దాచాడు. ఆ తర్వాత నా మిషన్లో ఉన్నదంతా తుడిచేసి, అన్నీ కొత్తగా ఎక్కించాడు. పాస్‌వర్డులన్నీ మార్పించాడు. రోజూ వాడుకునే ఖాతా ఒకటి వేరేగా పెట్టాడు, అందులోంచి కొత్త ప్రోగ్రాములేవీ మిషన్లోకి ఎక్కవట. "నీకు పార్సెలంటే మోజు కదా. ఈసారి తెరిచినా దెబ్బ చిన్నది తగులుతుంది." రెండు రోజులు పట్టింది. మిషను శుభ్రంగా ఉందని మూడుసార్లు చూసుకున్నాకే, నా పాత కాపీ ఉన్న ఆకుపచ్చ మేజోడు బయటికి తీశాడు.

బుధవారం సాయంత్రం ఆర్థర్ గొంతు వినబడింది. "ముందు గాలం చూసుకో, తర్వాత గాలి చూసుకో..." తొమ్మిది నిమిషాలూ ఇద్దరం నిలబడే విన్నాం.

"గొంతు సరిగ్గానే వస్తోంది," అన్నాడు క్లెమ్, ప్లగ్గు వైపు చూస్తూ. నా వైపు చూడలేదు. నాకూ అదే కావాలి.

అతన్ని రావద్దన్న నాలుగు వారాల్లో చేసిన రికార్డులు మాత్రం పోయాయి. అదృష్టం కొద్దీ ఆ నెలలో చేసింది ఒక్కటే, హెస్బా ట్రాట్‌ది. ఊరి నించి ముప్ఫై కిలోమీటర్లు లోపలికి, కోళ్ళతో ఒంటరిగా ఉండే ఎనభై ఆరేళ్ళ ముసలావిడ.

"రేపు నేనెలాగూ అటే వెళ్ళాలి. బండెక్కు. మళ్ళీ చెప్పమందాం," అన్నాడు.

హెస్బా వంటింటి బల్లమీద స్కూలువాళ్ళు అమ్మేసిన పాత కంప్యూటరొకటి ఉంది. క్లెమ్ డిస్కు తగిలించాడు. నేను అతని భుజం మీంచి తొంగిచూశాను. అందులో ఉన్నది ఒకే ఒక్క పేకాట. కాపీ అయిపోయిందని తెరమీద పడటానికి అరనిమిషం కూడా పట్టలేదు. క్లెమ్ తాపీగా తెరని గోడవైపు తిప్పేశాడు.

"చాలా ఉంది హెస్బా. రెండు గంటలు పడుతుంది."

"పట్టనీ. కేకు చేశాను," అంది హెస్బా.

నేను రికార్డరు తీసి బల్లమీద పెట్టాను. అతను కోళ్ళగూటి తలుపు బాగుచెయ్యడానికి బయటికెళ్ళగానే, రహస్యం చెబుతున్నట్టు ఆవిడ దగ్గరికి వంగాను. "హెస్బా, అది ఎప్పుడో అయిపోయింది."

"తెలుసులేవే. కళ్ళు మసకైనా మరీ అంత కాదు. ఆరేళ్ళ నించీ తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"ఎందుకు చెప్పాలి? బుధవారం పొద్దున కూర్చుని ఓ పది ఆటలు ఆడి పెడతాను. పాపం అంత దూరం నించి వచ్చినవాడికి కాపీ తియ్యడానికి ఏదో ఒకటి ఉండాలి కదా." కేకు కోస్తూ నవ్వింది. "ఇదేం కొత్తనుకున్నావా? కంప్యూటర్లు రాకముందు ఫోను చేసేవాడు, లైను పరీక్ష చేస్తున్నానని. మా ఆయన పోయినప్పట్నించీ వారం వారం. ఆ పరీక్ష నలభై నిమిషాలు పట్టేది. ఆ లైను మొత్తమ్మీద ఎవరింట్లో ఫోను మోగదో వాడికి తెలుసు."

క్లెమ్ గురువారాలు వెళ్ళే ఇళ్ళని నేను మనసులోనే లెక్కపెట్టుకున్నాను. గోధుమలు నిలవచేసే సైలో పక్కన బ్రహ్మచారి. ఆల్చిప్పలు పెంచే, భార్య పోయిన రైతు. ఒక్కో ఇంట్లో ఒక్క కంచం, ఒక్క కుర్చీ. పది ఇళ్ళూ అంతే.

"పదకొండోది మాత్రం నా లైబ్రరీ," అన్నాను. "నా దగ్గరికి లైబ్రరీ కోసమే వస్తాడు."

హెస్బా నన్ను ఒక్క క్షణం చూసింది. నా చెయ్యి తట్టింది. "అవునమ్మా, లైబ్రరీ కోసమే," అని నా పళ్ళెంలో ఇంకో పెద్ద ముక్క వేసింది.

ఆ రోజు హెస్బా మొదటిసారి చెప్పని సంగతులు కూడా చెప్పింది. మధ్యలో క్లెమ్ గుడ్లు పట్టుకుని వచ్చి, అడుగుల చప్పుడు రికార్డులో పడుతుందని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు దారంతా ఖాళీ చేలు. అడగాల్సిన మాటలు బోలెడు నోటిదాకా వచ్చాయి. అడిగితే మనిషి సిగ్గుతో ఇంకెప్పుడూ ఎవరింటికీ వెళ్ళడేమోనని భయమేసింది.

"ఆదివారం గొర్రెమాంసం వేయిస్తున్నాను," అన్నాను. "మధ్యాహ్నం భోజనానికి రా."

అతను కంగారుగా నా వైపు తిరిగాడు. "ఏం, మిషనుకి మళ్ళీ ఏమైంది?"

"ఏమీ కాలేదు."

"ఏదైనా తెరిచావా?"

"తెరవలేదు."

"మరి ఎందుకు?"

"ఊరికే."

ఆ మాట అతనికి కొత్త. ఒక మైలు దూరం దాంతో ఏం చెయ్యాలో తెలియక స్టీరింగు పట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. మలుపు తిరిగాక సముద్రం కనబడింది. అప్పుడు గొంతు సవరించుకుని అన్నాడు.

"పుదీనా నేను తెస్తాను."