వంటింటి కింద బావి

అల్లుడేం చేస్తుంటాడని ఎవరైనా అడిగితే మామగారు ఒక్క ముక్కలో తేల్చేసేవాడు: "ఎదుటివాళ్ళ పనికి వంకలు పెడుతుంటాడు." చమురు, గ్యాసు బావుల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ ఆఫీసులో అల్లుడు ఇన్‌స్పెక్టరు. బావి తవ్వాలంటే వాళ్ళ అనుమతి కావాలి. పని అయిపోయాక అడుగుదాకా సిమెంటు దించి మూసెయ్యాలి. ఆ మూసేటప్పుడు ఇతను దగ్గరుండి చూడాలి. జీవితమంతా బావులు తవ్విన మామగారికి ఇదంతా ఒళ్ళుమంట.

"మీ ఆఫీసు పుట్టకముందు మేం తవ్వలేదా? భూమేమైనా బద్దలైందా?" అనేవాడు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. అల్లుడు నవ్వి ఊరుకునేవాడు. పిల్లనిచ్చిన మామతో వాదించి గెలిచినవాడెవడు?

ఆ ఆదివారం భోజనానికి వెళ్ళేసరికి అత్తగారు సబ్బునీళ్ళతో వంటిల్లు తుడుస్తోంది. పొయ్యి పక్క మూలలో, నేల పగులు వెంట బుడగలు లేస్తున్నాయి. ఒకటి పగిలితే దాని చోటే ఇంకొకటి.

"ఈ మూల ఎప్పుడూ ఇంతే బాబూ. తుడిచినకొద్దీ నురుగే," అందామె.

అల్లుడు పొయ్యి ఆర్పేశాడు. కిటికీలు బార్లా తెరిచాడు. కారులోంచి గ్యాసు పసిగట్టే పరికరం తెచ్చి పగులు దగ్గర పెట్టాడు. అది కీచుమంది. భూమిలోంచి నేరుగా వచ్చే గ్యాసుకు వాసనుండదు, అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. మూతలేని పాత బావుల కోసం అతను ఏళ్ళ తరబడి గాలించాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

అతను మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. మనిషనేవాడు పుట్టకముందు రాతిపొరల్లో చిక్కుకున్న వాయువు అది. అంత లోతు నుంచి ఓపిగ్గా ఎక్కొచ్చి, అత్తగారి పొయ్యి పక్కన చిన్న బుడగై పగులుతోంది. భయం వేసింది. ఆ భయంకన్నా ముందు, చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

"మామయ్యగారూ, ఈ ఇంటి కింద ఏముంది?"

పెద్దాయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"బావి," అన్నాడు. "నేను తవ్విందే. చమురు పడలేదు, తవ్వించినవాళ్ళు మూసెయ్యమన్నారు. ఎలా ముయ్యాలో చెప్పే చట్టం అప్పుడేది? దుంగ దిగ్గొట్టి, రాళ్ళు పోసి, మట్టి కప్పాం. తర్వాత స్థలం చవగ్గా వస్తే కొన్నాను."

"ఇన్నేళ్ళూ బావి మీద నాచేత వంట చేయించారా?" అంది అత్తగారు. "ఒక్క ముక్క చెప్తే పొయ్యిని ముందుగదిలో పెట్టుకునేదాన్ని కదండీ."

ఎవరూ నవ్వలేదు. అల్లుడు పరికరం ఆపి లేచాడు. "నేను ఆఫీసులో చెప్పక తప్పదు మామయ్యగారూ. ఇవాళే ఇల్లు ఖాళీ చెయ్యాలి. వంటిల్లు కూలగొట్టి, బావి మళ్ళీ తెరిచి సిమెంటు పొయ్యాలి. ఇల్లు నిలుస్తుందో లేదో చెప్పలేను."

ఆ ఇల్లే ఆయన జీవితకాలపు సంపాదన. తిడతాడనీ, ఇక గడప తొక్కొద్దంటాడనీ అల్లుడు సిద్ధపడ్డాడు. పెద్దాయన వచ్చి, గోడ పట్టుకుని మెల్లగా వంగి, తడినేలకు చెవి ఆనించాడు. పడుచుతనంలో తను చేసిన కన్నంలోంచి భూమి ఇంకా ఊపిరి వదులుతూనే ఉంది. అది వింటున్న ఆ ముఖంలో కోపం లేదు. పురిటిబిడ్డను మొదటిసారి చూసే తండ్రిలా నోరు తెరుచుకుని వింటున్నాడు.

"మనం మూశామనుకున్నాం గానీ, అది మూతబడలేదురా," అన్నాడు. అల్లుణ్ణి ఆయన 'రా' అనడం అదే మొదలు.

అల్లుడు చెయ్యి అందించి లేపాడు. పెద్దాయన ఆ చెయ్యి వదల్లేదు.

"ఇల్లు పోతే పోనీ. ఇలాంటివి చాలా మూశాను నేను. ఎక్కడెక్కడో నాకు తప్ప ఎవరికీ తెలీదు, తెలిసినవాళ్ళంతా పోయారు. మీ అత్తయ్య సామాను సర్దుకుంటుంది, మనం ముందు బడికి పోదాం పద. చిన్నపిల్లల గది కింద ఒకటుంది."