మత్తులో ఒక కాన్పు, మెలకువలో ఒక కాన్పు

మా ఇంట్లో మొదట కడుపు కోసి బిడ్డను తీసింది మా అక్కకు. అక్క అంటే మా బావగారి భార్య, నా తోడికోడలు. పరగోడు అనే ఊరి పిల్ల. చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో ఆమె ముక్కు మీద గుడ్డ పరిచి, క్లోరోఫారం చుక్కలు చుక్కలుగా వేశారట. తియ్యటి వాసన వచ్చిందట, అంతే. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి సాయంత్రం, ఒకటే వాంతులు. అప్పటికే ఆ బిడ్డను మా అత్త, బావగారు, చివరికి మమ్మల్ని తీసుకెళ్ళిన బండివాడు కూడా చూసేశారు. అక్క బిడ్డను ఎగాదిగా చూసి అడిగిన మొదటి మాట, "వీడు నా కొడుకేనా? సరిగ్గా చూసుకోనే తెచ్చినారా?"

బిడ్డది అచ్చం బావగారి ముక్కేనని చూసినవాళ్ళందరికీ తెలుస్తూనే ఉంది.

మత్తు బిడ్డకూ కొంత అంటిందేమో, వీపు బాగా రుద్దితే గానీ ఏడవలేదట. "తల్లీ కొడుకూ ఇద్దరూ నిద్దరమొగాలే," అనేది మా అత్త. ఆమె పిల్లలందరినీ ఇంట్లోనే కన్న మనిషి.

రెండేళ్ళకు నా వంతు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చెప్పగానే నన్ను చింతామణిలో చిక్కబళ్ళాపురం బస్సెక్కించారు. ఒంట్లో బలం ఉండాలని మా అత్త బయలుదేరే ముందు పెద్ద రాగిసంగటి ముద్ద, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి వేసి, పక్కన కూర్చుని తినిపించింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ కన్నడంలో, "ఊట ఆయ్తా?" అని అడిగింది. భోజనమైందా అని మా వైపు ఎవరిని ఎవరైనా పలకరించే మాటే అది. అత్త మురిసిపోయింది.

"ఆయ్తమ్మా! ఇంత ముద్ద తినింది. మీరు తిన్నారా?"

డాక్టరమ్మ నవ్వలేదు. కడుపు నిండా తిన్న మనిషికి మత్తు పెడితే నిద్రలోనే వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోతుందని, అది ప్రాణం మీదికి వస్తుందని చెప్పింది. "వెన్నులో సూది వేస్తాను. నడుము కింద నొప్పి తెలీదు. నువ్వు మేలుకునే ఉంటావు," అంది నాతో.

"మేలుకోనుండంగానే కోస్తారా!" అని అత్త బెంచీ మీద కూలబడింది.

నన్ను పక్కకు తిప్పి, మోకాళ్ళు పొట్టకు ఆనేలా ముడిచి వీపు వంచారు. సూది చురుక్కుమంది. కాసేపటికి కాళ్ళు వెచ్చబడి, బరువెక్కి, నావి కానట్టే అయిపోయాయి. ఛాతీ దగ్గర అడ్డంగా గుడ్డ కట్టారు. నొప్పి లేదు గానీ, లోపల ఎవరో మూట విప్పుతున్నట్టు లాగడం తెలుస్తూనే ఉంది. పళ్ళు టకటకలాడాయి. నర్సు నా చెయ్యి పట్టుకుని మీ ఊళ్ళో వానలు పడ్డాయా అని అడిగింది. జవాబు చెబుతుండగానే ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. గుడ్డ మీదుగా బిడ్డను పైకెత్తి చూపించారు.

తర్వాత మొదలైంది వెన్నుసూది తెచ్చిన తలనొప్పి. తల కాస్త ఎత్తితే చాలు, నెత్తి పగిలిపోయేది. దిండు కూడా తీసేసి పడుకోబెట్టారు. చూడటానికి వచ్చిన అక్క మంచం పక్కనే కూర్చుని, "నేను హాయిగా నిద్దరపోయి కన్నా. నువ్వు మేలుకోని ఏం బావుకున్నావు?" అని నవ్వింది.

అత్త నీళ్ళకని బయటికి వెళ్ళాక మాత్రం గొంతు తగ్గించింది. "ఏమే, పుట్టంగానే ఎట్ల ఏడ్సింది?"

నేను ఆ ఏడుపు ఏడ్చి చూపించాను. అక్క నవ్వబోయి ఆగిపోయింది.

"మావోడిది నేను ఇనలేదే," అంది.

రెండో కాన్పుకు ఆమె ముందుగానే వెళ్ళి, "నాకు వెన్నుసూదే వెయ్యండమ్మా," అని అడిగింది. డాక్టరమ్మ పరీక్ష చేసి సరేనంది. తలుపు బయట కూర్చున్న మాకు మొదట బిడ్డ ఏడుపు, ఆ వెంటనే దానికన్నా గట్టిగా అక్క గొంతు వినిపించాయి.

"అత్తా, ఏడుస్తాండాడు! నేను ఇన్నా!"

"ఊరంతా ఇనిందిలే, ఇంక నువ్వు ఊరుకో తల్లీ," అని అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తలనొప్పి మాత్రం అక్కకు రానే లేదు. మర్నాడే దిండుకు ఆనుకుని కాఫీ తాగుతూ, "పాపం, నీ తలే మెత్తనిది," అని నా మీద జాలిపడింది. ఆ ఒక్క మాటకు ఆమెను నేను ఇప్పటికీ క్షమించలేదు.